కావలియర్: నాలుగు ఇంజన్లు, ఒకే మేఘం

1939 జనవరి 21న న్యూయార్క్ నుంచి బెర్ముడాకు బయలుదేరిన 'కావలియర్' అనే ఫ్లయింగ్ బోట్ (నీళ్ళ మీద వాలే విమానం) దారి మధ్యలో అట్లాంటిక్ మీద దిగాల్సి వచ్చింది. దిగిన పావుగంట ప్రాంతంలో మునిగిపోయింది. అందులో ఉన్నవారు 13 మంది: ఎనిమిది మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. ఇద్దరు ప్రయాణికులు, ఒక స్టీవర్డ్ చనిపోయారు. మిగిలిన పదిమంది దాదాపు పది గంటలు నీళ్ళలో తేలుతూ ఉండి బతికారు.

మృతుల సంఖ్యను బట్టి పెద్ద ప్రమాదాల జాబితాలు వేసేవారికి ఇది ఆనదు. విమానాల నిర్వహణ ఇంజనీరుగా పనిచేస్తూ, కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారికి పిస్టన్ ఇంజన్ల పాఠం చెప్పే నాకు మాత్రం ఇంతకంటే పనికొచ్చే కేసు తక్కువ. ఒక ఇంజన్ పోతే మూడు ఉంటాయి, అన్నీ పోతే కింద నీళ్ళున్నాయి, నీళ్ళ మీద దిగడానికే కదా ఈ యంత్రాన్ని కట్టింది అని ఆ రోజుల్లో ప్రయాణికులకే కాదు, నిపుణులకూ గట్టి ధీమా ఉండేది. ఆ రక్షణలన్నీ ఒకే వాతావరణం ముందు వరసగా లొంగిపోయాయి. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

విమానం, దారి

కావలియర్ షార్ట్ బ్రదర్స్ సంస్థ కట్టిన ఎస్.23 రకం ఫ్లయింగ్ బోట్. వీటికి ఎంపైర్ బోట్లని పేరు. ఆర్థర్ గూజ్ రూపకల్పన. మొదటి బోటు 'కానోపస్' 1936 జులైలో ఎగిరింది. అది ఎగరక ముందే, డ్రాయింగులు చూసి బ్రిటిష్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 28 బోట్లకు ఆర్డరు ఇచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యంలోని టపానూ ప్రయాణికులనూ ఆఫ్రికాకు, ఇండియాకు, ఆస్ట్రేలియాకు చేరవేసిన బోట్లు ఇవే. కరాచీ దాటాక రాజసమంద్ చెరువులోనూ, గ్వాలియర్, అలహాబాద్‌లలోనూ దిగి కలకత్తాలో హుగ్లీ మీద వాలేవి.

రెక్కల వెడల్పు సుమారు 35 మీటర్లు, పొడవు 27 మీటర్ల లోపు, నిండు బరువు 18 టన్నుల పైమాటే. రెక్క ముందంచున నాలుగు బ్రిస్టల్ పెగాసస్ ఇంజన్లు, ఒక్కొక్కటీ 900 హార్స్‌పవర్‌కు పైగా శక్తినిచ్చే తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చుట్టూ వృత్తంగా అమరినది). ఒక ఇంజన్ ఆగితే విమానం హాయిగా ఎగురుతుంది. రెండు ఆగితే కష్టం. ఆగిన రెండింటికి తోడు మిగిలిన రెండూ సగం సగంగా పనిచేస్తే ఏమవుతుందో కావలియర్ చూపించింది.

బెర్ముడా అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉన్న దీవుల గుంపు. అప్పటికి అక్కడ రన్‌వే లేదు. డారెల్స్ ఐలండ్ దగ్గర నీళ్ళలోనే విమానాలు దిగేవి. న్యూయార్క్ నుంచి దూరం సుమారు 1,240 కిలోమీటర్లు, మధ్యలో ఆగడానికి దీవి గానీ దిబ్బ గానీ లేదు. కావలియర్‌ను భాగాలుగా విప్పి ఓడలో బెర్ముడాకు పంపి, అక్కడ బిగించారు. 1937 జూన్‌లో సర్వీసు మొదలైంది. అదే దారిలో పాన్ అమెరికన్ సంస్థ సికోర్‌స్కీ బోటు నడిపేది. ఇంపీరియల్ తరఫున మాత్రం ఆ దారికి కావలియర్ ఒక్కటే. ప్రత్యామ్నాయ విమానం లేకపోవడం ప్రమాదానికి కారణమని నేను అనను. ఒక్క విమానంతో నడిపే సర్వీసులో 'ఈ రోజు వద్దులే' అనడం ఎంత కష్టమో మాత్రం ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ రోజు

ఉదయం పదిన్నర దాటాక లాంగ్ ఐలండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్ నుంచి కావలియర్ లేచింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు కాస్త ముందు రేడియోలో ఒక సందేశం పంపింది: వాతావరణం బాగాలేని చోటికి వెళ్తున్నాం, ఏరియల్‌ను ఎర్త్ చేయాల్సి రావచ్చు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకు ఇంకా అదే వాతావరణంలో ఉన్నామని, రేడియోలో గరగర విపరీతంగా ఉందని మరో సందేశం.

ఏరియల్‌ను ఎర్త్ చేయడమంటే, మెరుపు పడితే సెట్టు కాలిపోకుండా, ఆపరేటరు ప్రాణానికి ముప్పు రాకుండా ఏరియల్‌ను సెట్టు నుంచి తప్పించి విమానం ఒంటికి కలిపేయడం. అంతసేపూ విమానం మూగది, చెవిటిది. మాట్లాడాల్సిన అవసరం ఎక్కువయ్యే మేఘంలోనే రేడియో కట్టేయాల్సి వస్తుంది. మరో రక్షణ అనుకున్న రేడియో కూడా అదే వాతావరణానికి బందీ అని గమనించండి.

ఒంటిగంట కావస్తుండగా ఇంజన్లు శక్తి కోల్పోతున్నాయన్న కబురు వచ్చింది. కాసేపటికి న్యూయార్క్‌కు ఆగ్నేయంగా సుమారు 285 మైళ్ళ దూరంలో విమానం పెద్ద అలల మీద దిగింది. రేడియో ఇంకా పనిచేస్తూనే ఉంది. ఒంటిగంట పావు కాకముందే అందిన చివరి సందేశంలో ఒకే మాట: మునిగిపోతున్నాం.

ఇంజన్లు ఎందుకు ఆగాయి

బ్రిటన్ వైమానిక మంత్రిత్వ శాఖ విచారణ నివేదిక అదే ఏడాది మార్చిలో వెలువడింది. నాలుగు ఇంజన్ల కార్బురేటర్లలోనూ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగాల్లో) మంచు పేరుకోవడమే కారణమై ఉంటుందని తేల్చింది. లోపలి రెండు ఇంజన్లు పూర్తిగా, బయటి రెండూ కొంతమేర శక్తి కోల్పోయాయి.

కార్బురేటర్ మంచు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెలుగునాట శిక్షణ విమానాలతో పనిచేసే కుర్రవాళ్ళు దీన్ని పరీక్షలో రాసి మరచిపోతారు.

పెట్రోలు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. దానికి తోడు, కార్బురేటర్‌లోని సన్నని గొంతులోంచి దూసుకెళ్ళేటప్పుడు గాలి పీడనం తగ్గి అది ఇంకా చల్లబడుతుంది. రెండూ కలిసి కార్బురేటర్ లోపల ఉష్ణోగ్రత 20 డిగ్రీల మేర, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. గాలిలో తేమ ఉంటే ఆ తేమ థ్రాటిల్ రేకు (లోపలికి వెళ్ళే గాలిని అదుపుచేసే రేకు) అంచున, గొంతు గోడల మీద మంచుగా గడ్డకడుతుంది. బయట గడ్డకట్టే చలి ఉండనక్కరలేదు. నిజానికి గట్టి చలిలో గాలికి తేమను మోసే శక్తి తక్కువ కాబట్టి ఈ ప్రమాదం తగ్గుతుంది. సున్నాకు పైన, మేఘంలో, తడిగాలిలో ఎగిరేటప్పుడే ఇది పగబట్టినట్టు వస్తుంది.

శ్రావణమాసపు ముసురులో ఒక శిక్షణ విమానం ఇంజన్ నేల మీద నడుస్తూ నడుస్తూ ఊపు తగ్గిపోతుంటే, "సార్, ఇక్కడ చెమటలు కారుతున్నాయి, మంచెక్కడిది?" అని ఒక ట్రైనీ నన్ను అడిగాడు. కార్బురేటర్ వేడి మీట లాగమన్నాను. ఇంజన్ తిరిగే చుట్ల లెక్క ఒక్కసారి ఇంకా పడిపోయింది. ఇంజన్ దగ్గినట్టు ఊగింది, కరిగిన నీటిని మింగి మళ్ళీ లేచింది, మొదట ఉన్నదానికంటే పైకి లేచి నిలబడింది. మంచు ఉండేదనడానికి అదే సాక్ష్యం. వెంటనే ఇంజన్ ఆపి మూత విప్పి చూస్తే తడి తప్ప ఇంకేమీ కనబడదు.

ఇక్కడే పరిశోధకుడికి ఇరకాటం. ఈ దొంగ చేతిముద్రలు వదలడు. నేల మీద కూలిన విమానంలోనే దొరకని మంచు, వేల మీటర్ల లోతులో మునిగిపోయిన కావలియర్‌లో ఎవరికి దొరుకుతుంది? శకలం చేతిలో లేకుండా తేల్చాలంటే మిగిలేవి బతికిన సిబ్బంది చెప్పిన మాటలు, రేడియో చిట్టా, ఆ ప్రాంతపు వాతావరణం. ఒకే సమయంలో నాలుగు ఇంజన్లూ నీరసించాయంటే విడివిడి యంత్ర లోపాలని ఊహించడం వృథా. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. పీల్చే గాలి ఉమ్మడి. తాగే పెట్రోలు ఉమ్మడి. పెట్రోలు సరఫరా తప్పితే ఇంజన్లు ఆగే తీరు వేరు. ఇక్కడ మిగిలింది గాలి. విచారణ ముగింపు నాకు సబబుగానే తోస్తుంది.

విరుగుడు అప్పటికే తెలుసు: కార్బురేటర్‌కు వేడి ఇవ్వడం. దాంట్లో ఒక మెలిక ఉంది. వేడి ఎక్కడినుంచి వస్తుంది? ఇంజన్ నుంచే. మంచు వల్ల శక్తి తగ్గిందంటే, ఇంజన్ పుట్టించే వేడి కూడా తగ్గుతుంది. ముందుగా వేడి ఇస్తే మంచు పట్టదు. ఆలస్యం చేస్తే, వేడి ఇవ్వాల్సిన ఇంజనే చల్లబడి ఉంటుంది. మందు సీసా రోగి చేతిలోనే పెట్టి, స్పృహ తప్పాక తాగమన్నట్టు. అందుకే మంచును కరిగించడం వేరు, పట్టకుండా చూడడం వేరు అని నేను రెండు సార్లు చెబుతాను. తడి మేఘం ఎదురుగా కనబడినప్పుడే మీట లాగాలి. శక్తి కాస్త తగ్గుతుందని, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుందని తటపటాయించడం అప్పటి పైలట్లకూ ఉంది, ఇప్పటివారికీ ఉంది.

'పడవే కదా' అన్న ధీమా

నన్ను అడిగితే ఈ ప్రమాదంలో అసలు విషయం ఇంజన్ల తర్వాతే మొదలవుతుంది.

ఫ్లయింగ్ బోట్ అడుగుభాగం పడవలా ఉంటుంది, కానీ పనులు వేరు. ఓడ అడుగు అలల దెబ్బ తినడానికే పుట్టింది. ఫ్లయింగ్ బోట్ అడుగు బరువు తగ్గించుకోవడానికి పలుచని లోహపు రేకుతో కట్టింది. రేవులో, అలలను ఆపే కట్ట చాటున, కొలిచి చూసిన నీళ్ళలో గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో వాలడానికి అది చాలు. నడిసముద్రంలో లేచిపడే అలకు అదే వేగంతో తగిలితే నీరు రాయితో సమానం. అల వాలు చూసుకుని, దానికి సమాంతరంగా దిగితే దెబ్బ తగ్గించుకోవచ్చు. అలా చోటు ఎంచుకోవాలంటే ఒకసారి చుట్టు తిరగాలి, ఆగి చూడాలి. అందుకు ఇంజన్లు కావాలి. ఇంజన్లు ఉంటే సముద్రంలో దిగే పనే లేదు.

శీతకాలంలో అమెరికా ఖండం మీది చల్లగాలి తూర్పుకు వీచి, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం మీదికి వస్తే గాలి అడుగు వేడెక్కి, తేమ పీల్చుకుని గుబురు మేఘాలు లేస్తాయి, గాలి ఉరవడిస్తుంది, అలలు పెరుగుతాయి. కార్బురేటర్‌లో మంచు పెట్టే గాలీ, అడుగు రేకును చీల్చే అలా ఒకే ఇంటి బిడ్డలు. ఇంజన్లు బాగున్న ఎండ రోజున సముద్రం కూడా మర్యాదగానే ఉంటుంది. నాలుగు ఇంజన్లు ఆగే రోజున ఉండదు. పడవ అడుగు అనే రక్షణ అవసరమయ్యే రోజూ, అది పనిచేయని రోజూ ఒక్కటే కావడం యాదృచ్ఛికం కాదు. రూపకర్తలు రెండింటినీ విడివిడిగా లెక్కించారు.

పడవ మీద అంత నమ్మకం ఉన్నప్పుడు అందులోంచి దూకాల్సి వస్తుందని ఎవరూ గట్టిగా ఆలోచించరు. కావలియర్‌లో లైఫ్ రాఫ్ట్ (ప్రాణరక్షణ తెప్ప) లేదు. బయటపడినవారికి ఆధారం కొన్ని లైఫ్ బెల్టులే. వాటిని పట్టుకుని, ఒకరినొకరు వదలకుండా గుంపుగా ఉండిపోయారు. సముద్రంలో ప్రాణరక్షణ నేర్పే శిక్షణలో ఈ రోజుకీ చెప్పేది అదే: విడిపోవద్దు, ఒంటికి ఒళ్ళు ఆనించి ఉండండి, ఈది అలసిపోవద్దు. గుంపుగా ఉంటే వేడి నిలుస్తుంది, వెతికేవారి కంటికి ఆనుతుంది, స్పృహ తప్పేవాడిని పక్కవాడు పట్టుకుంటాడు.

జనవరిలో న్యూయార్క్ రేవు నీళ్ళలో పడితే గంట గడవడమే కష్టం. పది గంటలు బతకడం వెచ్చని ప్రవాహం వల్లే సాధ్యమయింది. మేఘాన్ని పెంచి విమానాన్ని దించిన నీరే దిగినవారిని బతికించింది. దీన్ని అదృష్టం కింద రాసుకోవాలే తప్ప రక్షణ ఏర్పాటు కింద జమకట్టకూడదు. ప్రమాద నివేదికలు చదివే కొత్తవారు పదిమంది బతికారు కాబట్టి ఏర్పాట్లు ఫరవాలేదనుకుంటారు. దారి ఉత్తరానికి మరికాస్త జరిగి ఉంటే ఆ సంఖ్య ఎంతయ్యేదో ఊహించండి.

మునిగేముందు అందిన సందేశాల వల్ల వెతుకులాటకు ఓడలు, విమానాలు కదిలాయి. చివరికి రాత్రి 11 గంటల ప్రాంతంలో 'ఎస్సో బేటౌన్' అనే చమురు ట్యాంకర్ చీకట్లో వారిని చేరుకుని పదిమందినీ పైకి తీసింది. ఆరుబయట సముద్రంలో తలకాయలు ఎంత చిన్నవో, అలల నడుమ వాటిని కనిపెట్టడం ఎంత కష్టమో పగటిపూట వెతికినవారికి కూడా తెలుసు. సంకేతంగా వెలుగు గుండ్లు కాల్చే పిస్తోలు ఒక్కటి చేతికందేలా ఉన్నా ఆ పది గంటల్లో సగం మిగిలేవేమో.

ముందొకటి, తర్వాతొకటి

1935 డిసెంబరు 31న ఇదే సంస్థకు చెందిన 'సిటీ ఆఫ్ ఖార్టూమ్', క్రీట్ నుంచి వస్తూ అలెగ్జాండ్రియా రేవు కనుచూపు మేరలో ఉండగా మూడు ఇంజన్లూ దాదాపు ఒకేసారి ఆగి సముద్రంలో పడింది. 13 మందిలో పైలట్ ఒక్కడే బతికాడు. సుమారు ఐదు గంటల తర్వాత 'బ్రిలియంట్' అనే యుద్ధనౌక అతన్ని కాపాడింది. అక్కడ ఇంజన్లకు పెట్రోలు అందలేదు. మూడు ఇంజన్లకూ ఉమ్మడిగా ఉన్నది తప్పితే మూడూ ఆగుతాయని ఆ ఘటన చెప్పింది. మూడేళ్ళ తర్వాత కావలియర్ అదే పాఠాన్ని గాలి రూపంలో మళ్ళీ చెప్పింది.

1947 అక్టోబరు 14న 'బెర్ముడా స్కై క్వీన్' అనే బోయింగ్ 314 ఫ్లయింగ్ బోట్ 69 మందితో ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కు వెళ్తూ, ఎదురుగాలి వల్ల ఇంధనం చాలక అట్లాంటిక్ మధ్యలో దిగింది. అక్కడా గాలి ఒక్కటే ఇంధనాన్నీ మింగింది, అలల్నీ లేపింది. అయినా 69 మందీ బతికారు. ఎందుకంటే పైలట్ గుడ్డిగా దిగలేదు. వాతావరణ పరిశీలనకు అక్కడే నిలిపి ఉంచిన అమెరికా కోస్ట్ గార్డ్ నౌక 'బిబ్' దగ్గరికి వెనక్కి మళ్ళి, దాని పక్కన దిగాడు. ఇంజన్లలో శక్తి ఉండగానే నిర్ణయం తీసుకున్నాడు కాబట్టి చోటు ఎంచుకోగలిగాడు. ఆ నౌక ఉనికి గాలి మీద గానీ ఇంధనం మీద గానీ ఆధారపడలేదు. అసలైన రెండో రక్షణ అంటే అది.

ఇప్పుడు

కావలియర్ పోవడంతో ఆ దారిలో ఇంపీరియల్ సర్వీసు ముగిసింది. ఇప్పటి అంతర్జాతీయ నిబంధనల్లో మామూలు విమానం తీరానికి 50 నాటికల్ మైళ్ళు దాటి వెళ్ళేటప్పుడు ప్రతి ప్రయాణికుడికీ లైఫ్ జాకెట్ ఉండాలి. పెద్ద విమానాలకు 400 నాటికల్ మైళ్ళు లేదా రెండు గంటల దూరం దాటితే రాఫ్ట్‌లు ఉండాలి. నీటి విమానానికి మాత్రం దూరంతో సంబంధం లేకుండా, ఎక్కడ ఎగిరినా, మనిషికొక జాకెట్ తప్పనిసరి. నీళ్ళ మీద దిగగలదు కాబట్టి సడలింపు ఇవ్వాలనే పాత ఆలోచనకు ఇది పూర్తిగా ఎదురు.

2024 నవంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ నీటి విమానాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. ఆ విమానానివి టర్బైన్ ఇంజన్లు. కార్బురేటర్ ఉండదు, కాబట్టి కావలియర్‌ను దించిన మంచు దాన్ని దించదు. అంతటితో కేసు కొట్టేద్దామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెండు ఇంజన్లూ ఒకే పీపాలోంచో ఒకే లారీలోంచో నింపిన ఇంధనం తాగుతాయి. రేవు పక్కన తడి చోట నిల్వ చేసిన ఇంధనంలో నీరు చేరితే రెండింటికీ చేరుతుంది. ఒకే రాత్రి ఒకే మనిషి రెండు ఇంజన్లకూ ఒకే పని చేస్తే, ఒక చోట చేసిన పొరపాటు రెండో చోటా చేస్తాడు. అందుకే దూరప్రయాణపు రెండింజన్ల విమానాల మీద ఒకే సిబ్బంది ఒకేసారి రెండు ఇంజన్లనూ ముట్టకూడదన్న ఆనవాయితీ వచ్చింది. కృష్ణ మీద సర్వీసు ఎప్పుడు మొదలైనా, ఇంధనం నింపాక ట్యాంకుల అడుగు నుంచి సీసాలోకి పట్టిన నమూనాలు ఎవరు చూస్తున్నారు, ఏ పుస్తకంలో రాస్తున్నారు అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. శ్రీశైలం జలాశయంలో ఆ దారిన ఆ గంటలో సిద్ధంగా నిలబడి ఉండే పడవ ఎవరిది అన్నది రెండోది.